పిల్లల్ని ఏ బడిలో చేర్చాలి? తిరుపతి, చిత్తూరు క్రైస్తవ కుటుంబాలకు ఒక పోలిక

ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం బయట జరిగే మాటల్లో సగం బడుల గురించే. పెద్దోడు కార్పొరేట్ స్కూల్లో ఉన్నాడు, చిన్నదాన్ని కాన్వెంట్‌లో వేద్దామా? మిషన్ స్కూల్లో ఫీజు తక్కువే గానీ ఇంగ్లీషు వస్తుందా? కొందరు ఇంట్లోనే చదివిస్తున్నారట, ఆ చదువు చెల్లుతుందా? టీచరుగా పనిచేసి, సండే స్కూలు బాధ్యత కూడా చూసేవాళ్లకి ఈ ప్రశ్నలు ప్రతి ఏడాదీ ఎదురవుతాయి. మందిరం మెట్ల మీద నిలబడి రెండు మాటల్లో చెప్పి పంపేస్తే సరిపోని విషయం ఇది. అందుకే వివరంగా రాస్తున్నాను.

బడి క్రైస్తవ బడి అవునా కాదా అని చూడడానికి మనం సాధారణంగా పేరు చూస్తాం. గోడ మీద వాక్యం ఉందా, పొద్దున ప్రార్థన చేస్తారా, వారానికి బైబిలు పీరియడ్ ఉందా అని అడుగుతాం. ఇవన్నీ మంచివే. కానీ పిల్లలు రోజుకు ఏడెనిమిది పీరియడ్లు కూర్చుంటారు. ప్రార్థన పది నిమిషాల్లో అయిపోతుంది. మిగతా రోజంతా లెక్కలు, సైన్సు, సోషల్, తెలుగు, ఇంగ్లీషు, హిందీ. ఆ పాఠాలకు, పొద్దున చేసిన ప్రార్థనకు ఏ సంబంధమూ లేకపోతే పిల్లవాడు తనకు తెలియకుండానే ఒకటి నేర్చుకుంటాడు: దేవుడు అసెంబ్లీలో ఉంటాడు, చదువు వేరే సంగతి. పెద్దయ్యాక ఆఫీసు వేరే సంగతి, వ్యాపారం వేరే సంగతి, ఓటు వేరే సంగతి అవుతాయి. కాబట్టి బైబిలు పీరియడ్ కన్నా ముందు లెక్కల టీచరు, సైన్సు టీచరు, తెలుగు టీచరు మామూలు రోజున మామూలు పాఠం ఎలా చెబుతున్నారో చూడండి. ఈ వ్యాసమంతా ఆ ఒక్క కొలతతోనే రాశాను.

పాఠంలో విశ్వాసం ఎలా కలుస్తుంది

కొన్ని బడుల్లో ప్రతి పాఠానికీ ఒక వాక్యం అతికిస్తారు. నీటి గురించి పాఠం వస్తే జీవజలం వాక్యం, వెలుగు గురించి వస్తే లోకానికి వెలుగు వాక్యం. పిల్లలు నోటుపుస్తకంలో రాసుకుంటారు, తల్లిదండ్రులు చూసి సంతోషిస్తారు. కానీ కాంతి వక్రీభవనం పిల్లవాడికి అర్థమైందా లేదా అన్నది అలాగే ఉండిపోతుంది. దీన్ని కలపడం అనలేం. సైన్సూ రాలేదు, వాక్యమూ లోపలికి దిగలేదు.

మన జిల్లా సంగతే తీసుకుందాం. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం ఇంకో 4 రూపాయలు కలుపుతుందని, మొత్తం 12 రూపాయలు రైతుకు అందాలని ప్రకటించారు. ఏడో తరగతిలో శాతాలు చెప్పే టీచరు దీన్నే లెక్కగా ఇవ్వవచ్చు. రైతు 3 టన్నులు తెచ్చాడు. కిలో 12 చొప్పున 36,000 రూపాయలు. తూకం దగ్గర తరుగు కింద 5 శాతం తీసేస్తే 150 కిలోలు పోతాయి, అంటే 1,800 రూపాయలు. ఫ్యాక్టరీ ఇచ్చే 8 మాత్రమే చేతికొస్తే ఎంత? కోత కూలి, ట్రాక్టరు బాడుగ పోగా ఏం మిగులుతుంది? పిల్లల్లో సగం మంది ఇళ్లలో ఈ లెక్క నిజంగా నడిచింది కాబట్టి ఎవరూ నిద్రపోరు. లెక్క తేలాక, తేలాకే, టీచరు ఇంకో ప్రశ్న అడుగుతుంది: ఈ తరుగు న్యాయమేనా? దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథం ఎందుకంత గట్టిగా చెప్పింది? ఆమోసు ప్రవక్త తూకపు రాళ్ల గురించి ఎందుకు కోప్పడ్డాడు? ఇక్కడ వాక్యం అలంకారంగా రాలేదు. లెక్క తెలిసిన పిల్లవాడికే ఆ వాక్యంలోని బరువు తెలుస్తుంది. వాక్యం తెలిసిన పిల్లవాడికి ఆ లెక్క మార్కుల కోసం చేసే పనిగా మిగలదు.

సైన్సులో దీనికన్నా కష్టమైన పరీక్ష మన ఊరి పక్కనే ఉంది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండ కోతలో కింద ఒక రకం రాయి, దాని మీద ఇంకో రకం రాయి పొరలుగా కనిపిస్తాయి. కింది గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లని, పైన ఉన్న రాతి పొరలవి దాదాపు 160 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మధ్యలో అంత కాలానికి సంబంధించిన రాయే లేదు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. తిరుపతిలో పెరిగే క్రైస్తవ పిల్లవాడు ఏదో ఒక రోజు అడుగుతాడు: బైబిల్లో ఆరు రోజులే కదా మేడం?

ఈ ప్రశ్నకు బడి ఏం జవాబిస్తుందన్నది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద గుర్తు. నోరు మూసుకో, పరీక్షకు రాసేయ్, నమ్మొద్దు అని చెప్పే బడి పిల్లవాడికి రెండు నాలుకలు నేర్పుతోంది. బైబిలు పాతకాలపు కథ అని నవ్వేసే బడి వాడి ఇంటిని అవమానిస్తోంది. మంచి టీచరు ముందు రాయి వయసు ఎలా కడతారో, యురేనియం సీసంగా మారే వేగాన్ని ఎలా వాడతారో నిజాయితీగా చెబుతుంది. తర్వాత, ఆదికాండాన్ని క్రైస్తవులందరూ ఒకేలా చదవలేదని చెబుతుంది. ఆ దినాలను మన 24 గంటల రోజులుగానే చదివే విశ్వాసులు ఉన్నారు. 354 నుంచి 430 వరకు జీవించిన అగస్టీను లాంటి సంఘ పితరుడు అలా చదవలేదు. భూగర్భ శాస్త్రం పుట్టడానికి వెయ్యేళ్ల ముందే చదవలేదు. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు సైన్సును చూసి భయపడడు, విశ్వాసాన్ని దాచుకోడు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో 1874లో తెరిచిన కావెండిష్ ప్రయోగశాల ద్వారం మీద 111వ కీర్తన రెండో వచనం లాటిన్‌లో చెక్కి ఉంది: దేవుని కార్యాలు గొప్పవి, వాటిలో ఇష్టం ఉన్నవాళ్లు వాటిని వెదికి పరిశీలిస్తారని దాని భావం. ఆ ద్వారం లోపలి ప్రయోగశాలలోనే ఎలక్ట్రాన్‌ను కనుగొన్నారు. ఐఐటీ, ఐసర్, గాదంకి వాతావరణ పరిశోధన కేంద్రం, కాస్త దూరంలో శ్రీహరికోట, ఇన్ని ఉన్న జిల్లాలో మన పిల్లలు ఈ వచనాన్ని కంఠత పట్టి ఊరుకుంటే చాలదు.

తెలుగు పాఠం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన బడుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. అన్నమయ్య 1408 నుంచి 1503 వరకు జీవించాడు. ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల కొండ మీదే దొరికాయి. క్రైస్తవ బడి అని చెప్పుకుంటూ ఆ పాఠాన్ని గబగబా దాటేసే టీచర్లు ఉన్నారు. అది విశ్వాసం కాదు, భయం. దానియేలు కల్దీయుల భాషా విద్యా నేర్చుకున్నాడు, రాజు భోజనం మాత్రం వద్దన్నాడు. ఏది నేర్చుకోవాలో, దేన్ని ఆరాధించకూడదో అతనికి తేడా తెలుసు. పౌలు ఏథెన్సులో గ్రీకు కవుల మాటే ఎత్తుకుని మాట్లాడాడు. వేమన పద్యాలను సేకరించి అచ్చు వేయించిన సీపీ బ్రౌన్ ఒక క్రైస్తవ మతగురువు కొడుకు, కడపలో కూడా ఉండి పనిచేశాడు. జాషువా తెలుగు పద్యంలోనే కులాన్ని నిలదీశాడు. అన్నమయ్య పదంలోని తెలుగు సొగసు, వేమన సూటిదనం, జాషువా ఆవేదన మూడూ శ్రద్ధగా చదివిన పిల్లవాడు తన విశ్వాసాన్ని తెలుగులో చెప్పగలుగుతాడు. లేదంటే వాడికి ప్రార్థన ఒక భాషలో, బతుకు ఇంకో భాషలో ఉంటాయి. పైగా ఈ ఊళ్లో మన పిల్లల స్నేహితుల్లో ఎక్కువమంది హిందువుల పిల్లలు. పక్కింటివాళ్లు ప్రేమించేదాన్ని గౌరవంగా తెలుసుకోవడం పొరుగువాణ్ణి ప్రేమించడంలో భాగమే.

ఈ కొలత చేతిలో పెట్టుకుని ఇప్పుడు మన ముందున్న దారులు చూద్దాం.

పాత మిషన్ బడులు

మన ప్రాంతంలో బడి, ఆసుపత్రి, మందిరం కలిసే వచ్చాయి. చిత్తూరు, మదనపల్లె, పలమనేరు వైపు అమెరికా నుంచి వచ్చిన ఆర్కాట్ మిషన్ పనిచేసింది, స్కడర్ కుటుంబం పేరు అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట వైపు 1865లో జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషనరీలు వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ పనిని అమెరికా లూథరన్లు అందుకున్నారు. ఇప్పటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి తిరుపతే కేంద్రం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి, చిత్తూరు నుంచి బస్సెక్కితే త్వరగా చేరుకునే వేలూరు సీఎంసీ, ఇవన్నీ ఆ కాలపు పనే. అక్షరం అందని కులాల పిల్లలకు పలక పట్టించింది చాలా చోట్ల ఈ బడులే. విశ్వాసం చదువుతో కలవడం అంటే ఏమిటో దీనికన్నా పెద్ద ఉదాహరణ మనకు అక్కర్లేదు.

ఇప్పటి స్థితి మాత్రం బడికో రకంగా ఉంది. ఎయిడెడ్ పోస్టులు, అంటే ప్రభుత్వం జీతమిచ్చే పోస్టులు, ఖాళీ అయితే నిండడం కష్టమైంది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలనూ సిబ్బందినీ తనలోకి తీసుకునే విధానం తెచ్చినప్పుడు చాలా యాజమాన్యాలు అయోమయంలో పడ్డాయి. కొన్ని బడుల్లో భవనం మాత్రం గంభీరంగా నిలిచి ఉంటుంది, లోపల రెండు తరగతులకు ఒక టీచరు ఉంటారు. కొన్నింటిలో మాత్రం ఇరవై ముప్పై ఏళ్లుగా అక్కడే పనిచేస్తూ, పిల్లవాడి తండ్రికి కూడా పాఠం చెప్పిన టీచర్లు ఉన్నారు. అలాంటి టీచర్లున్న మిషన్ బడి మీ ఇంటికి దగ్గర్లో ఉంటే, ఇంగ్లీషు కాస్త తక్కువైనా సరే, ప్రాథమిక తరగతులకు నేను దాన్నే ముందు పెడతాను. ఇంగ్లీషు తర్వాత అందుకోవచ్చు. తనను పేరు పెట్టి పిలిచి, తప్పు చేస్తే కూర్చోబెట్టి మాట్లాడే టీచరు చేతిలో గడిపిన బాల్యం తర్వాత దొరకదు.

ఈ బడుల్ని ఇంకో ప్రశ్న కూడా అడగండి. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది, అంటే పేద పిల్లలకు 25 శాతం సీట్ల నిబంధన వాటికి లేదు. 2025లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును మళ్లీ పరిశీలించాలని అభిప్రాయపడింది. కోర్టు ఏం తేల్చినా, చట్టం బలవంతం చేయనప్పుడు బడి పేద పిల్లల కోసం తనంతట తాను ఎన్ని సీట్లు ఇస్తోంది? ఈ ప్రశ్నకు ఇబ్బంది పడే బడి గోడ మీద ఎన్ని వాక్యాలున్నా నాకు నమ్మకం కలగదు.

కాన్వెంట్లు

చిత్తూరు జిల్లా ప్రాంతం కడప క్యాథలిక్ మేత్రాసనం (ఒక బిషప్ పర్యవేక్షించే ప్రాంతం) కిందికి వస్తుంది. ఫాదర్లు, సిస్టర్లు నడిపే బడుల్లో క్రమశిక్షణ, ఇంగ్లీషు, సమయపాలన గట్టిగా ఉంటాయి. సిస్టర్లు ప్రాంగణంలోనే ఉంటారు కాబట్టి సాయంత్రం ఏదైనా సమస్య వచ్చినా మాట్లాడడానికి మనిషి ఉంటారు. సాధారణంగా క్యాథలిక్ పిల్లలకు సత్యోపదేశం (తమ విశ్వాస బోధ), మిగతావాళ్లకు మోరల్ సైన్స్ అని విడిగా పెడతారు.

నా సంకోచం ఇక్కడే. విశ్వాసం ఒక పీరియడ్‌లో, చదువు మిగతా పీరియడ్లలో సర్దేయడం ఇలాంటి చోట సులువుగా జరిగిపోతుంది, సెక్షన్‌కు పిల్లలు ఎక్కువైతే మరీను. ప్రొటెస్టెంటు కుటుంబాలు మరియమాత ప్రార్థనలు, జపమాల గురించి ముందే మర్యాదగా అడిగి తెలుసుకోవాలి. చేర్చాక గొడవపడడం పిల్లవాడికి మంచిది కాదు. గుర్తింపు లేదా ప్రభుత్వ సాయం ఉన్న ఏ బడిలోనైనా తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకు, ఆరాధనకు హాజరు కమ్మని బలవంతం చేయకూడదని 28వ అధికరణం మూడో ఖండం చెబుతోంది. మన పిల్లలకు వర్తించే ఈ రక్షణ మన బడుల్లో చదివే హిందూ, ముస్లిం పిల్లలకూ అంతే వర్తిస్తుంది. ఆ సంగతి మరిచిపోయే యాజమాన్యం పక్కవాడి మనస్సాక్షిని గౌరవించడం పిల్లలకు నేర్పలేదు.

పాస్టర్లు, ట్రస్టులు నడిపే చిన్న బడులు

గత కొన్నేళ్లలో ఇవి పెరిగాయి. మనసు పెట్టి నడిపేవి ఉన్నాయి, పిల్లలు తక్కువ కాబట్టి శ్రద్ధ ఎక్కువ. వెళ్లి చూడకుండా తీసిపారేయకండి. కానీ రెండు విషయాలు గట్టిగా చూడండి. ఒకటి గుర్తింపు. గుర్తింపు ఉన్న బడికి 11 అంకెల యూడైస్ కోడ్, అంటే ప్రభుత్వ లెక్కల్లో బడికి ఇచ్చే నంబరు, ఉంటుంది, అడగండి. ఏ తరగతి వరకు అనుమతి ఉందో కూడా అడగండి. అది సరిగా లేకపోతే పదో తరగతి పరీక్షకు ఇంకో బడి పేరుతో కట్టాల్సి వస్తుంది, అప్పుడు పడే టెన్షన్ పిల్లలది.

రెండోది టీచర్ల జీతం. సేవ అనే మాట చెప్పి బీఈడీ చేసిన అమ్మాయికి బతకడానికి చాలని జీతం ఇచ్చే చోట టీచర్లు ఏడాదికోసారి మారతారు. యాకోబు పత్రిక కూలివాళ్ల బిగబట్టిన జీతం గురించి ఏం చెప్పిందో అందరికీ తెలుసు. పిల్లలు ఈ విషయాలు గమనించరని అనుకోవద్దు. తమకు ఇష్టమైన మేడం ఎందుకు మానేసిందో వాళ్లకు తెలుస్తుంది.

కార్పొరేట్ స్కూలు, ఇంటి దగ్గర విశ్వాసం

నిజం మాట్లాడితే మనలో చాలా కుటుంబాలు ఉన్నది ఈ దారిలోనే. లెక్కల సాధన బాగా చేయిస్తారు, పరీక్షల అలవాటు వస్తుంది, ఇంటర్ తర్వాతి పోటీకి పునాది పడుతుంది. ఇది చిన్న విషయం కాదు, ముఖ్యంగా ఇంట్లో మొదటిసారి ఇంజినీరింగ్ దాకా వెళ్లే పిల్లలకు.

ఇక్కడ నష్టం బైబిలు పీరియడ్ లేకపోవడం కాదు. ర్యాంకును బట్టి సెక్షన్ మార్చే చోట, మనిషి విలువ మార్కుల్లో ఉందని పిల్లవాడు ప్రతి వారం కొత్తగా నేర్చుకుంటాడు. దేవుని పోలికలో చేయబడ్డావని ఆదివారం సండే స్కూల్లో విన్న మాటకు, సోమవారం నోటీసు బోర్డుకు మధ్య పోటీ. సాధారణంగా బోర్డే గెలుస్తుంది. సండే స్కూలు గంట దాన్ని ఎదుర్కోలేదు, ఇల్లు మాత్రమే ఎదుర్కోగలదు.

ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం తల్లిదండ్రులకు చెప్పిన పని ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు చేసేది. ఆచరణలో ఇది చాలా చిన్నగా మొదలవుతుంది. రాత్రి అన్నం దగ్గర ఈరోజు ఎన్ని మార్కులొచ్చాయి అనే బదులు, ఈరోజు చదివినదాంట్లో నీకు ఆశ్చర్యమనిపించింది ఏమిటి అని అడగండి. క్లాసులో ఎవరినైనా ఎగతాళి చేశారా, నువ్వేం చేశావు అని అడగండి. కుటుంబ ప్రార్థనలో కిరణజన్య సంయోగక్రియ గురించి కృతజ్ఞత చెప్పిన తండ్రి కొడుకు ఆ పాఠాన్ని మరిచిపోడు. ర్యాంకు తగ్గిన రోజు ఇంట్లో మాట, ముఖం మారకుండా ఉంటే అదే వాడికి కృప గురించిన పెద్ద పాఠం. ఇది చేసే ఓపిక, సమయం మీకుంటే కార్పొరేట్ స్కూలు తప్పేమీ కాదు. ఇద్దరూ రాత్రి తొమ్మిదికి ఇంటికి వచ్చేవాళ్లయితే మాత్రం ఈ దారి బరువైనది, ముందే ఆలోచించుకోండి.

ప్రభుత్వ బడి

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని 28వ అధికరణం మొదటి ఖండమే చెబుతుంది. కాబట్టి అక్కడ బైబిలు పీరియడ్ ఆశించకూడదు. కానీ డీఎస్సీ రాసి వచ్చిన టీచర్లకు శిక్షణ ఉంది, ఉద్యోగ భద్రత ఉంది. వాళ్లలో విశ్వాసులూ ఉన్నారు, మాటతో బోధించకుండానే నిజాయితీగా, బెత్తం పట్టకుండా పాఠం చెబుతూ తమ పిలుపును నెరవేరుస్తున్నారు. రాష్ట్ర ప్రభుత్వ తల్లికి వందనం పథకం డబ్బు ప్రైవేటు బడికైనా, ప్రభుత్వ బడికైనా వస్తుంది, ఫీజు లేని చోట ఆ డబ్బు పిల్లల పుస్తకాలకు, తిండికి మిగులుతుంది. ప్రభుత్వ బడిలో పిల్లల్ని చదివించే విశ్వాసులను మన సంఘాల్లో తక్కువగా చూడడం నన్ను చాలా బాధపెడుతుంది. అప్పు చేసి కాన్వెంట్ ఫీజు కట్టే కుటుంబంకన్నా, మంచి హైస్కూల్లో వేసి సాయంత్రం పక్కన కూర్చుని చదివించే కుటుంబం మెరుగైన నిర్ణయం తీసుకుంది.

దూరపు బోర్డింగ్, ఇంటి చదువు

ఊటీలోని హెబ్రోన్ 1899 నుంచి, కొడైకెనాల్ అంతర్జాతీయ పాఠశాల 1901 నుంచి ఉన్నాయి. విశ్వాసం, చదువు కలపడం గురించి ఇలాంటి చోట్ల లోతైన ఆలోచన ఉంది, తరగతిలో పిల్లలు తక్కువ. ఫీజు మాత్రం మనలో చాలామందికి అందదు. అందే కుటుంబాలకు కూడా ఎనిమిదో తరగతికి ముందు పంపమని నేను చెప్పను. పిల్లవాడి మొదటి విశ్వాసం తల్లి గొంతులో విన్నదే.

ఇంటి చదువుకు కొందరు ఏసీఈ (యాక్సిలరేటెడ్ క్రిస్టియన్ ఎడ్యుకేషన్) అనే పద్ధతి వాడుతున్నారు. అమెరికాలోని టెక్సాస్‌లో 1970లో మొదలైంది. పిల్లలు చిన్న పుస్తకాలు ఒక్కొక్కటీ తమంతట తామే పూర్తి చేసి, జవాబులు సరిచూసుకుని ముందుకెళ్తారు. ప్రతి పుస్తకంలో వాక్యం ఉంటుంది, పిల్లవాడి వేగానికి తగ్గట్టు నడుస్తుంది. కానీ ఖాళీలు పూరించడమే ఎక్కువ, వాదించడం, ప్రయోగం చేయడం తక్కువ. చరిత్ర, ఉదాహరణలు అమెరికావి. తెలుగు మీరే విడిగా చెప్పాలి. పైన చెప్పిన కొలతతో చూస్తే, వాక్యం ప్రతి పేజీలో ఉన్నా పాఠంలో ప్రశ్న లేని చోట కలవడం సగమే జరిగింది. ఈ దారిలో వెళ్లేవాళ్లకు పదో తరగతికి ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ఉంది, 14 ఏళ్లు నిండితే రాయవచ్చు. ఒక తల్లి లేదా తండ్రి పూర్తి సమయం ఇవ్వగలిగి, ఆరోగ్యం వల్లో, తరచూ బదిలీల వల్లో బడి కుదరని కుటుంబాలకు ఇది సరిపోతుంది. లోకం చెడ్డది కాబట్టి ఇంట్లోనే ఉంచుతాం అనే కారణంతో మాత్రం ఎంచుకోకండి. అన్యులతో ఆడుకోని పిల్లవాడు వాళ్లను ప్రేమించడం నేర్చుకోలేడు.

ఎవరికి ఏది

ఒకటి నుంచి ఐదు వరకు ఇంటికి దగ్గర, టీచర్లు నిలకడగా ఉండే బడి. అది మిషన్ బడి అయితే సంతోషం, ప్రభుత్వ బడి అయినా పర్వాలేదు. చిన్న బడి బాగుంటే గుర్తింపు చూసుకుని వేయండి. ఆరు నుంచి పది వరకు సైన్సు, లెక్కల టీచర్ల నాణ్యతను ముందు చూడండి, ఇక్కడ కాన్వెంట్లు, మంచి హైస్కూళ్లు చాలా సార్లు మెరుగు. పిల్లవాడు ప్రశ్నలు ఎక్కువ అడిగే రకం అయితే ప్రశ్నను భరించే బడి ఏదో వెతకండి, మిగతావన్నీ తర్వాత. మందకొడిగా చదివే పిల్లవాడిని ర్యాంకు సెక్షన్లు ఉన్న చోట వేయకండి, ఎంత పేరున్నా సరే.

చూడడానికి వెళ్లేటప్పుడు ఓపెన్ హౌస్ రోజున కాకుండా మామూలు పని దినాన వెళ్లండి. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి బ్రోచర్ ఇస్తారు, తీసుకోండి. తర్వాత ఏ తరగతి పిల్లవాడిదైనా ఒక సైన్సు నోటుపుస్తకం చూపించమనండి. పిల్లవాడి సొంత మాటలు ఒక్క పేజీలో అయినా ఉన్నాయా, అన్నీ బోర్డు మీంచి దించుకున్నవేనా? టీచరు ఎర్ర ఇంకుతో రాసిన మాటలు ఎలా ఉన్నాయి? లెక్కలో తప్పిన పిల్లవాడితో ఏం చేస్తారని ప్రిన్సిపాల్‌ను కాకుండా టీచరును అడగండి. మీ పిల్లవాడు ఇంకో మతం పిల్లల్ని వెక్కిరిస్తే బడి ఏం చేస్తుందో అడగండి. ఈ జవాబుల్లో మీకు ఆ బడి విశ్వాసం కనిపిస్తుంది, అసెంబ్లీలో కన్నా స్పష్టంగా.

ఇంటర్ విషయం వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటిదాకా జాగ్రత్తగా ఎంచుకున్న కుటుంబాలు కూడా ఇక్కడ తొందరపడతాయి. తిరుపతిలో రెసిడెన్షియల్ కాలేజీలు చాలా ఉన్నాయి, ఆదివారాలూ స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు ఉంటాయి. పదహారేళ్ల వయసు పిల్లల ప్రశ్నలు పెద్దవయ్యే సమయం, అప్పుడే రెండేళ్లు ఆరాధన, సంఘం, స్నేహితుల సహవాసం అన్నీ ఆగిపోతాయి. కట్టే ముందు ఆదివారం ఉదయం ఆరాధనకు పంపుతారా, ఎన్నింటికి తిరిగి రావాలి, పరీక్ష ఉంటే ఏం చేస్తారు అని అడిగి, ఒప్పుకున్నది కాగితం మీద రాయించుకోండి. నోటితో ఒప్పుకుని తర్వాత వార్డెన్ మీద నెట్టేయడం మామూలే. రాసివ్వడానికి ఒప్పుకోకపోతే డే స్కాలర్‌గా చేర్చండి, రానూపోనూ గంట పోయినా సరే. ఊళ్లోని ఈయూ (ఎవాంజలికల్ యూనియన్) అనే క్రైస్తవ విద్యార్థి సహవాసం గురించి, మీ సంఘం యూత్ మీటింగ్ సమయాల గురించి అడ్మిషన్ తీసుకునే వారంలోనే కనుక్కుని, పిల్లవాడిని అక్కడి పెద్దలకు పరిచయం చేయండి.